ఎర్ర బండి గొంతు

పోయినవి ముందు లెక్కపెడతాను. మొత్తం నూట పద్దెనిమిది టేపు స్పూళ్ళు, ఒక్కోదాని మీద ఒక్కో చప్పుడు. వానలు తొమ్మిది, రైళ్ళు ఆరు, గుర్రాలు నాలుగు, కుక్కలు ఏడు. తలుపులు ఇరవై మూడు, ఎందుకంటే ఆయనకు తలుపులంటే పిచ్చి. చెంపదెబ్బలు పదకొండు. వంటింటి చప్పుళ్ళు ఎనిమిది, జనం గోల పదిహేను, మోటారు బండ్లు ముప్పై ఒకటి. చీటీ ఊడిపోయి, ఏమిటో తెలియకుండా మిగిలినవి నాలుగు.

ఆయన పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాక, షేక్‌పేటలో వాళ్ళబ్బాయి అటకెక్కి రేకు పెట్టెలు ఒక్కొక్కటే అందిస్తుంటే, నేను కింద నిలబడి అందుకుని లెక్కపెట్టాను. ఆ కప్పు ఎన్ని వానాకాలాలు కారిందో, టేపులన్నీ ఉండలు కట్టి ఉన్నాయి. ఒకదాని కొస పట్టుకుని లాగితే దాని మీది పూతంతా గోధుమరంగు పొడిగా రాలి నా వేళ్ళకు అంటింది. చేతిలో మిగిలింది ఉత్త ప్లాస్టిక్ నాడా.

"వీటిల్ల ఎక్కడన్న బాపు మాట ఉంటదా సార్?" అని అడిగాడు వాళ్ళబ్బాయి.

లేదన్నాను. టేపులు చెక్కుచెదరకుండా ఉన్నా ఉండేది కాదు. టేపు తిరుగుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టుకుని నిలబడే మనిషి ఆయన. ఒకసారి తన దగ్గు పడిందని మంచి వాననొకదాన్ని మొత్తం చెరిపేసి, మళ్ళీ మృగశిర దాకా ఎదురుచూశాడు. నిర్మాత అప్పటికప్పుడు వాన కావాలంటే, "సార్, నా దగ్గర ఉన్నది ఆషాఢం వాన. మీ సీన్‌ల ఉన్నది తొలకరి. తేడా తెలుస్తది" అన్నాడు. తేడా ఎవరికి తెలుస్తుందని నిర్మాత అడిగితే, "నాకు" అన్నాడు.

మా సినిమాల్లో షూటింగులో పట్టిన చప్పుడు చాలావరకు పనికిరాదు. అంతా తరవాత డబ్బింగ్ థియేటర్‌లో కూర్చుని పెట్టుకోవలసిందే. హీరోయిన్‌కు గొంతు ఒకరిస్తారు, విలన్‌కు ఇంకొకరు. ఆమె గాజులకు, అతని బూట్లకు, వాళ్ళిద్దరూ ధడాలున వేసే తలుపుకు గొంతు ఇచ్చేది ఎఫెక్ట్స్ మనిషి. ఫిల్మ్‌నగర్ గుట్ట మీద ఒక బంగళా కింద నేలమాళిగలో ఉన్న మా థియేటర్‌కు ఆ మనిషి ఆయన. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. నేను ఎడిటింగ్ టేబుల్ దగ్గర అడుగులూ ఫ్రేములూ లెక్క కట్టేవాణ్ణి. అడుగు ఫిల్ముకు పదహారు ఫ్రేములు, సెకనుకు అడుగున్నర నడుస్తుంది. పదో తరగతిలో లెక్కలు తప్పి మద్రాసు రైలెక్కినవాడికి, రీళ్ళు చుట్టగా చుట్టగా పట్టుబడిన విద్య అది. పరిశ్రమ హైదరాబాదుకు తరలివస్తుంటే దాంతోపాటే వచ్చి కృష్ణానగర్‌లో గది తీసుకున్నాను. ఆయన షేక్‌పేటలోనే పుట్టినవాడు. "మీరందరు సినిమా కోసం గుట్ట ఎక్కిండ్రు. సినిమానే నా కోసం గుట్ట ఎక్కింది తమ్మీ" అనేవాడు.

ఆయన మాత్రం ఆ గుట్టను రోజూ సైకిల్ తోసుకుంటూ ఎక్కేవాడు. సాయంత్రం అదే సైకిల్ మీద దిగేవాడు. దిగేటప్పుడు తొక్కేవాడు కాదు, నోటితో బండి నడిపేవాడు. మొదటి గేరులో గుర్రుమని కదిలి, రెండు, మూడు, నాలుగు మార్చుకుంటూ పోయి, మలుపు దగ్గర మళ్ళీ ఒక గేరు తగ్గించి, పెదాల మధ్య రెండు చిన్న పేలుళ్ళు పేల్చి, అవతలికి వెళ్ళిపోయేవాడు. వెనక ఏదో పెద్ద బండి వస్తోందని ఆటోవాళ్ళు పక్కకు తప్పుకునేవాళ్ళు. తీరా ప్యాంటుకు క్లిప్పులు పెట్టుకున్న బక్కమనిషి సైకిల్ మీద దాటిపోతుంటే తిట్టేవాళ్ళు. ఆయన చెయ్యెత్తి సలాం చేసి నాలుగో గేరు వేసేవాడు.

నిజం మోటార్ సైకిల్ నడపడం ఆయనకు రాదు. నేర్చుకోరాదా అన్నా అని ఒకసారి అడిగాను.

"నడిపేటోని చప్పుడంత ఎన్కకు పోతది. వానికి గాలి తప్ప ఏం ఇనబడది. ఇనాల్నంటే బయట నిలబడాలె" అన్నాడు.

బండ్లను ఆయన మూడు జాతులుగా విడగొట్టాడు. పొగ వదిలే చిన్న బండ్లు ఈగలు. పాలవాళ్ళూ పోలీసులూ నడిపే పాత బరువు బండ్లు తాతలు. మూడో జాతిని జీవితంలో ఒక్కసారే విన్నాడు. ఎనభైల్లో ఎవరో విదేశీయుడు గోలకొండకు దారి అడగడానికి షేక్‌పేటలో వాళ్ళ వీధి మొగలో ఆగాడట. ఆ బండికి ఇంగ్లీషు వి అక్షరంలా విచ్చుకున్న రెండు సిలిండర్లు. అతను దారి తెలుసుకునేలోగా ఆయన ఆ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "దడ్దడ్, దడ్దడ్ అంటది. నడుమల ఒక దెబ్బ మింగుతది. పెండ్లి బరాత్‌ల మర్ఫా దరువు కొడ్తరు చూడు, గట్ల." పదిహేనేళ్ళయినా ఆ మాట చెప్పేటప్పుడు ఆయన చేతులు తొడల మీద దరువు వేసేవి. నేను తరవాత ఒక పుస్తకం చూసి లెక్క కట్టాను. అలాంటి ఇంజన్‌లో ఒక పేలుడుకూ మరో పేలుడుకూ మధ్య ఎడం సమానంగా ఉండదు, ఒకసారి మూడు పాళ్ళు, ఒకసారి ఐదు పాళ్ళు. చెప్తే సంతోషించాడు. "నువ్వు మూడు, ఐదు అంటవ్. నేను మర్ఫా అంట. లెక్క కలిసింది" అన్నాడు.

మోటారు బండ్ల స్పూళ్ళు ముప్పై ఒకటి ఉన్నా ఆ చప్పుడు వాటిలో లేదు. అదే ఆయన వెలితి.

తొంభైల చివర్లో ఆ చప్పుడు జూబ్లీ హిల్స్‌కు లారీలో వచ్చింది. అప్పుడు మా థియేటర్‌లో చప్పుళ్ళ పని జరుగుతున్న సినిమా నిర్మాత ఇల్లు అక్కడే. ఆ నిర్మాత ఒక్కగానొక్క కొడుకు చినబాబు, ఇరవై నాలుగేళ్ళవాడు. చిన్నప్పుడు తండ్రి వెంట వచ్చి, ఎఫెక్ట్స్ గదిలో బాసింపట్టు వేసుకుని కూర్చుని బొమ్మ కారు నేల మీద తోస్తుంటే, ఆ కారుకు ఇంజనూ బ్రేకులూ హారనూ అన్నీ మా అన్నే. అప్పటినుంచీ ఆయన్ను మామా అనేవాడు. వాడికిప్పుడు పెద్ద బండి కావాలి. ఏడాది పోరిన మీదట తండ్రి ఒప్పుకున్నాడు. బొంబాయి నుంచి రెండు బండ్లు వచ్చాయి. రెండూ ఒకరు నడిపి అమ్మినవే, రెండూ వి-ట్విన్‌లే, రెండూ వెయ్యి సి.సి. దరిదాపుల్లోవే. ఒకటి ఇటలీది, ఎరుపు. ఒకటి జపాన్‌ది, నలుపు.

తండ్రి షరతు ఒక్కటే. "ఒక్కటి దింపుకో. రెండోది సాయంత్రం అదే లారీలో వెనక్కి పోవాలి. ఏది అనేది నువ్వు చెప్పొద్దు. నువ్వు బొమ్మ చూసి కొంటావు. మీ మామను పిలువు, ఆయన చెప్తాడు."

అలా మమ్మల్ని కబురు పెట్టి పిలిపించారు. ఆయన సైకిల్ మీద వచ్చాడు, నేను వెనక కారియర్ మీద కొలత టేపు పట్టుకుని వచ్చాను.

మా అన్నకు ఆ రోజు సొంత అవసరం కూడా ఉంది. ఆ సినిమాలో హీరో పెద్ద బండి మీద గుట్టల మధ్య దూసుకుపోయే షాటు ఒకటుంది. సరిగ్గా నలభై ఎనిమిది అడుగులు, అంటే ముప్పై రెండు సెకన్లు. నిజానికి అది నూరు సి.సి. బండికి ఆర్ట్ డిపార్ట్‌మెంటువాళ్ళు ఫైబర్ తొడుగు తొడిగి రంగు వేసింది. కంటికి బాగానే ఉంది. దాని సొంత చప్పుడు వినిపిస్తే మాత్రం హాలు హాలంతా నవ్వుతుంది. దానికి ఏ గొంతు పెట్టాలో తెలియక ఆయన నెల రోజులుగా ఆ రీలు పక్కన పెట్టాడు.

పోర్టికోలో ఎర్రదాన్ని బొంబాయి మెకానిక్ స్టార్ట్ చేశాడు. ముందు దడ్దడ్ మంది. దాని వెనకే, డబ్బాలో గోలీలు పోసి ఊపినట్టు గలగలమని ఇంకో చప్పుడు. దాని క్లచ్ ఆయిల్లో మునగకుండా పొడిగా తిరుగుతుందట, అందుకని ఆ గలగల. మా అన్న కళ్ళు మూసుకున్నాడు. ఇంటి కుక్క మొరగడం మానేసింది. నల్లది స్టార్ట్ చేస్తే అదే దరువు, కానీ మెత్తగా, ఒద్దికగా.

"ఎట్లుంది మామా?" అన్నాడు చినబాబు.

"నల్లది ఇంజనీరు లెక్క మాట్లాడతది బేటా. ఎర్రది మర్ఫానే."

"అయితే ఎర్రదేగా."

"ఆగరాదూ. నిన్ను ఇంకా ఇనలే."

ఆ మాట మాకెవరికీ అర్థం కాలేదు. నేను నా పనిలో పడ్డాను. కూర్చునే ఎత్తు, హ్యాండిల్ ఎంత కిందికి ఉంది, కడుపుకు నేలకు మధ్య ఎంత ఖాళీ, గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్ ఎంత ఎత్తు, అన్నీ కొలిచి, ఒక్కో దానికి పది మార్కుల చొప్పున వేసి కూడితే ఎర్రదానికి డెబ్బై ఒకటి వచ్చింది, నల్లదానికీ డెబ్బై ఒకటే వచ్చింది. నిర్మాత కాగితం చూసి, "ఏమయ్యా, రెండు గంటలు పొర్లి పొర్లి కొలిచి తేల్చిందిదా?" అన్నాడు.

ఈలోగా నేను అన్న చెవిలో చెప్పాను. "అన్నా, ముందు ఎర్రదాని చప్పుడు పట్టేసుకో. రికార్డర్ తెప్పిస్తాను. తరవాత ఏది ఉన్నా ఏది పోయినా నీకు బాధ లేదు."

ఒప్పుకోలేదు. "ముందు నా పని చేసుకుంటే నా చెవి నా దిక్కే ఇంటది. పిల్లగాడు నన్ను నమ్మి పిలిచిండు. వాని ముచ్చట తేలనీ" అన్నాడు.

ఆయన పరీక్ష ఇది. చినబాబు ఒక్కో బండిని గేటు నుంచి తీసి, గుట్ట దిగి, బండరాళ్ళ దగ్గరి మలుపు తిరిగి, పైన చుట్టుకుని రావాలి. ఒక్కో దాని మీద మూడు చుట్లు. ఆ రోజుల్లో ఆ రోడ్డు మీద మధ్యాహ్నం పూట నెమళ్ళు తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కారు. మా అన్న బకెట్ బోర్లించుకుని, రోడ్డుకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నిర్మాతకు ఇది వింతగా ఉంది.

"అటు తిరిగి కూర్చుంటే ఏం కనపడుద్దండీ?"

"కనబడితే ఇనబడది సార్."

ఎర్రది మొదటి చుట్టుకు వెళ్ళింది. గుట్ట మొత్తం మోగింది. ఆయన చెయ్యి తనంతట తానే గుండె మీదికి పోయింది. ఇక తేలిపోయిందనుకున్నాను. రెండో చుట్టుకు ముఖం చిట్లించాడు. మూడో చుట్టుకు తల అడ్డంగా ఊపాడు. తరవాత నల్లది మూడు చుట్లు. మూడుసార్లూ కదలకుండా కూర్చుని, చివరికి లేచి, ప్యాంటు దులుపుకుని, "నల్లది దింపుకోండ్రి సార్" అన్నాడు.

చినబాబు ముఖం వాడిపోయింది. "మామా, నువ్వు కూడా డాడీ సైడేనా? పొద్దున్నే కదా మర్ఫా అన్నావు."

"గొంతు అడిగినప్పుడు ఎర్రది అన్న. ఇప్పుడు కూడ అదే అంట. నీకు ఏది అంటే మాత్రం నల్లది."

"ఎందుకు?"

ఆయన వాణ్ణి పక్కకు తీసుకుపోయి, భుజం మీద చెయ్యి వేసి, తండ్రికి వినపడకుండా చెప్పాడు. నాకు వినపడింది. "బండి చప్పుడు ఇనలే బేటా, నీ చెయ్యి ఇన్న. ఎర్రదాని మీద మలుపు రాకముందే రేస్ మూసినవ్. మూడుసార్లు మూసినవ్. మలుపుల జర తెరిచి, మళ్ళ మూసినవ్. నల్లదాని మీద మలుపు నడుమలనే తెరిచినవ్, ఒక్క తీరుగ వచ్చినవ్. నువ్వు భయపడ్తలేవ్. నీ చెయ్యి భయపడ్తుంది. చేతికి నచ్చింది కొనుక్కో."

వాడు తండ్రి వైపు ఒకసారి చూశాడు. తరవాత, "డాడీకి చెప్పకు" అన్నాడు.

"ఏం చెప్పాలె? నల్లది ఇంజనీరు లెక్క ఉన్నదని చెప్త."

అంతవరకు బాగానే ఉంది. రికార్డర్ తెప్పించుకుని మేం బయటికి వచ్చేసరికి, బొంబాయి మెకానిక్ లారీ ఎక్కించడానికని ఎర్రదాని టాంకులోని పెట్రోలంతా తీసి నిర్మాతగారి కారులో పోసేశాడు. నిండు టాంకుతో బండిని లారీ ఎక్కించరట. లారీ డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. మా అన్న మెకానిక్ గడ్డం పట్టుకుని ఉర్దూలో బతిమాలాడు. చివరికి అతను కారు టాంకులోంచి ఒక సోడా సీసా నిండా పెట్రోలు తీసి బండిలో పోశాడు. అంతకుమించి చుక్క కూడా ఇవ్వనన్నాడు.

రికార్డర్‌ను మెకానిక్ వీపుకు నా బెల్టుతో కట్టాం. మైకును సైలెన్సర్ పక్కన బిగించి, గాలి కొట్టకుండా దానికి ఆయన తన మంకీ క్యాపు తొడిగాడు. వీపున పెట్టె, వెనక టోపీ పెట్టుకున్న మైకుతో ఎర్రబండి గుట్ట దిగుతుంటే, గేటు దగ్గర పనిమనుషులందరూ వరస కట్టి నవ్వారు. ఆయన మళ్ళీ రోడ్డుకు వీపు పెట్టి నిలబడ్డాడు. గేర్లు ఎక్కుతున్నాయి. రెండు, మూడు. ఆయన పెదాలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. నాలుగు. అంతలో ఎక్కడో మలుపు అవతల బండి దగ్గింది, ఒకసారి, రెండుసార్లు, ఆగిపోయింది. పావుగంటకు మెకానిక్ చెమటలు కక్కుతూ దాన్ని తోసుకొచ్చి, వీపు మీది పెట్టె విప్పి నా చేతిలో పెట్టి, బండిని లారీ ఎక్కించేశాడు.

థియేటర్‌కు వెళ్ళి టేపు వేసి కొలిచాను. దగ్గులు తీసేస్తే ఇరవై తొమ్మిది సెకన్లు. నలభై మూడున్నర అడుగులు. ఇంకా నాలుగున్నర అడుగులు తక్కువ.

ఉన్నదాంట్లోంచే ఒక ముక్క తీసి రెండోసారి అతికిద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "ఎక్కుతున్న గేరు మళ్ళ ఎక్కితే పిల్లలు కూడ పట్టేస్తరు" అన్నాడు. రెండు రోజులు ఎఫెక్ట్స్ గది తలుపు వేసుకున్నాడు. లోపలికి వెళ్ళినవి నాకు తెలిసినంతలో ఒక ఇత్తడి బిందె, ఒక గోలీల డబ్బా, నాలుగు ఫ్లాస్కుల టీ. మూడో రోజు పొద్దున ఒక స్పూలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మొత్తం కొత్త టేపు మీదికి ఎక్కించేశాడు, ఎక్కడా అతుకు లేదు. బొమ్మ మీద పెట్టి చూశాను. నలభై ఎనిమిది అడుగులు, ఒక్క ఫ్రేము అటూ ఇటూ కాలేదు. కళ్ళు తెరుచుకుని విన్నాను, మూసుకుని విన్నాను. మొదటి నుంచి చివరి దాకా ఎర్ర బండే.

"ఎక్కడ కలిపావన్నా? నోటితోనేనా?"

"నోటితోనే. ఎక్కడనో నువ్వే పట్టు. లెక్కల మనిషివి గద."

"పట్టలేకపోతే?"

"సినిమా వంద రోజులు ఆడినంక చెప్త."

ప్రివ్యూలో ఆ షాటు రాగానే చినబాబు సీట్లోంచి లేచి నిలబడ్డాడు. "అదే మామా, నా ఎర్రదే" అన్నాడు. తండ్రి కూర్చోమని చొక్కా పట్టి లాగాడు. ఆ తరవాత వాడు నల్లబండి మీద బాగానే తిరిగాడు. ఒక రోజు మిఠాయి పెట్టెతో థియేటర్‌కు వచ్చి, బండరాళ్ళ మలుపులో నీళ్ళ ట్యాంకర్ ఎదురొచ్చిందనీ, తప్పించుకుని బయటపడ్డాననీ చెప్పి, "చెయ్యి మూసుకోలేదు మామా" అన్నాడు. మా అన్న ఒక జిలేబీ తుంచి వాడి నోట్లో పెట్టాడు, మిగతాది తను తిన్నాడు.

సినిమా మాత్రం పంతొమ్మిది రోజులే ఆడింది.

ఆ రోజు నుంచీ నేను అడగడం, ఆయన చెప్పకపోవడం. థియేటర్ మూతపడి కంప్యూటర్లు వచ్చాయి, మా ఇద్దరికీ జుట్టు నెరిసింది. నీళ్ళ ట్యాంకరో మిక్సీయో ఏదైనా మోగితే చాలు, నాకు ఆ సంగతి గుర్తొచ్చేది. "ఇప్పుడన్నా చెప్పన్నా." ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టినట్టు నటించి, "ఇంక ఎనభై ఒక్క రోజులు తక్కువున్నది తమ్మీ" అనేవాడు. పోయిన ఎండాకాలం చివరిసారి కలిసినప్పుడు కూడా, మంచం మీద పడుకునే, అదే అంకె చెప్పాడు. ఒక్క రోజు కూడా తగ్గించలేదు.

ఆ పదకొండో రోజు రేకు పెట్టెల మధ్య కూర్చుని, వాళ్ళబ్బాయికి ఈ సంగతంతా చెప్పాను. అటక మీద లేదు గాని, మీ బాపు గొంతు ఒక్కచోట ఉంది, ఎక్కడో మాత్రం నాకు తెలియదు అన్నాను. అతను అప్పటికప్పుడు ఫోన్‌లో ఆ సినిమా వెతికి, ఆ షాటు పెట్టాడు. అతనూ అతని భార్యా నేనూ తలలు దగ్గర పెట్టి విన్నాం. మూడో గేరు దగ్గర అని అతనన్నాడు. మొదట్లోనే అని అతని భార్య అంది. నేను ఎప్పటిలాగే ఏమీ తేల్చలేకపోయాను.

వంటింటి గడపలో కూర్చుని ఆయన భార్య తమలపాకులు తుడుస్తోంది. అన్నేళ్ళూ రోజూ సాయంత్రం గుట్ట దిగి వచ్చే ఆ చప్పుడు విని పొయ్యి మీద టీ పెట్టిన మనిషి. మళ్ళీ ఒకసారి పెట్టమంది. కళ్ళు మూసుకుంది. ముప్పై రెండు సెకన్లలో ఒకచోట ఆమె ముఖం మీదికి నవ్వు వచ్చింది. నేను ఫోన్ చూస్తున్నాను, అది ఎక్కడో గమనించేలోపే షాటు అయిపోయింది.

"ఎక్కడ వదినా?" అన్నాను.

ఆమె ఆకు మడిచి, ఈనె గిల్లి పారేసింది.

"సినిమా వంద రోజులు ఆడిందా తమ్మీ?"

ఆడలేదు. అందుకని ఆ ఇంటి నుంచి నాకు రావలసింది ఈ రోజుకీ అలాగే ఉంది. నాలుగున్నర అడుగులు.